అద్దం పిడికి ఎర్ర దారం

మార్చి 4

అత్తా,

టెక్నికల్ స్కూలుకి వచ్చి మూడు రోజులైంది. ఒంట్లో బాగానే ఉంది. శిక్షణ శిబిరంలో కమిలిపోయిన కాలిగోళ్ళు రెండూ ఊడిపోయి కొత్తవి వస్తున్నాయి, కాబట్టి ప్రతి ఉత్తరంలోనూ ఆ సంగతి అడక్కు.

శిబిరం నుంచి ఆరు లైన్లే రాసేదాన్నని దెప్పావు కదా. అక్కడ ఉత్తరానికి పది నిమిషాలు ఇచ్చేవాళ్ళు, అందులో సగం పెన్ను వెతుక్కోవడానికే సరిపోయేది. ఇక్కడ సాయంత్రం ఐదు దాటితే నా టైము నాదే. మొదటిరోజు ఐదింటికి వర్క్‌షాపు నుంచి బయటికొచ్చి, ఏం చెయ్యాలో తెలీక మెట్ల దగ్గర నిలబడిపోయాను. నాతోపాటు ఇంకో పదకొండు మందీ నిలబడ్డారు, ఎవరో ఒకరు అరిచి చెబుతారని. ఎవరూ అరవలేదు. చివరికి గేటు దగ్గరి కాపలా ఆయన వచ్చి, ఎవరికోసం చూస్తున్నారమ్మా అని అడిగాడు.

నాకిది నచ్చలేదత్తా. దుప్పటి మడతలో వేలెడు తేడా వస్తే మంచం తిరగేసినవాళ్ళు ఉన్నట్టుండి ఇంత మంచివాళ్ళెలా అయ్యారు? గది తలుపుకి లోపలి నుంచి గడియ ఉంది. భోజనానికి ఎవరి పక్కన కావాలంటే వాళ్ళ పక్కన కూర్చోవచ్చు, నమిలి మింగడానికి టైము కూడా ఉంది. ఇదంతా ఒక పరీక్షేమో, ఎవరు సడలిపోతారో చూసి ఎక్కడో రాసుకుంటున్నారేమో అని నా అనుమానం. మిగతావాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకున్నారు. నేను మాత్రం మంచం శిబిరంలో లాగే బిగించి సర్దుతున్నాను.

అక్కడి సారుని ఉరుము అనేవాళ్ళమని రాశాను కదా. ఇక్కడి సారుకి పాత బ్యాచి వాళ్ళు నెమ్మదయ్య అని పేరు పెట్టారు. విమానం ఇంజిన్లు విప్పి బిగించడం నేర్పేది ఆయనే. ఆయన మాట వినపడాలంటే ముందు వరసలో కూర్చోవాలి. అరిచేవాడి మనసులో ఏముందో ఆ అరుపులోనే తెలిసిపోతుంది. ఈయన మనసులో ఏముందో కనిపెట్టడం నావల్ల కావట్లేదు.

ఒక్క విషయంలో దాపరికం లేదు. గోడకి ఒక బోర్డు, దాని మీద మా అందరి పేర్లు. తప్పు చేస్తే పేరు పక్కన నల్ల చుక్క పెడతారు. మూడు చుక్కలు పడితే స్కూలు నుంచి తీసేసి స్టోర్సులో వేస్తారు, ఇక ఇంజిన్ మొహం చూడక్కర్లేదు. బతుకంతా కిటికీ వెనక కూర్చుని సామాన్లు ఇచ్చి పుచ్చుకోవడమే. అందుకోసమా నేను మూడు నెలలు బురదలో పాకింది?

నాన్న లారీ అటువైపు వస్తే నేను బాగున్నానని చెప్పు.

నీ చిన్ని

మార్చి 11

చిన్నీ,

ముందు కవరు చూడు. అంటించిన చోట అడ్డంగా నా సంతకం ఉంటుంది, సగం పైన, సగం కింద. రెండు సగాలూ కలవకపోతే ఎవరో విప్పి చదివారన్నమాట. అలా ఉంటే వెంటనే రాయి.

స్టోర్సులో పడేస్తారని భయపడుతున్నావు, బాగానే ఉంది. ఈ ఆసుపత్రి బట్టల స్టోరులో ముప్పై ఏళ్ళుగా దుప్పట్లు ఇచ్చి పుచ్చుకుంటున్న చేతులే నీకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే నిన్నెత్తుకున్నాయి. మీ నాన్న ఊళ్ళు తిరుగుతుంటే నీకు జడలు వేసిన చేతులు కూడా అవే. నువ్వు మామూలుగానే అని ఉంటావులే. నేనూ మామూలుగానే రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. నీ అనుమానం నూటికి నూరుపాళ్ళు నిజం. ఊరికే ఎవరూ గడియ ఇవ్వరు. నిన్ను ఒంటరిగా వదిలి ఏం చేస్తావో చూడటానికే ఇచ్చారు. మా ఆసుపత్రికి కొత్త పెద్ద డాక్టరు వచ్చినప్పుడు మొదటి నెల అందరితో నవ్వుతూ మాట్లాడాడు. రెండో నెలలో నలుగురిని బదిలీ చేశాడు. నవ్వినవాళ్ళనే చేశాడు. నేను నవ్వలేదు, అందుకే ఇంకా ఇక్కడే ఉన్నాను.

కాబట్టి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు. నీ సామాను నీ కళ్ళ ముందే ఉండాలి. గదిలో నీతో ఇంకెవరు ఉంటున్నారో రాయలేదేం? రాయకపోవడంలో ఏమైనా ఉందా?

పై వాటా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. సరిగ్గా నేను బట్టలు ఆరేసిన గంటకే ఆవిడ కుండీలకి దాహం వేస్తుంది. చూసుకోలేదండీ అంటుంది. పదకొండేళ్ళుగా చూసుకోలేదట.

నీ అత్త

మొత్తం మూడు పేజీలు. మూడూ అందాయో లేదో రాయి.

మార్చి 20

అత్తా,

మూడు పేజీలూ అందాయి. సంతకం కలిసింది. స్టోర్సు గురించి నేను అన్నది నిన్ను కాదు, నువ్వు అలా తీసుకుంటావని అనుకోలేదు.

నాతో గదిలో ఉండేదాన్ని అందరూ నిచ్చెన అంటారు, అంత పొడుగు. వేరే శిబిరం నుంచి వచ్చింది. గదిలోనే కాదు, వర్క్‌షాపులోనూ నాకు జోడీ ఆమే. ఇక్కడ ఇద్దరిద్దరికి ఒక పనిముట్ల పెట్టె ఇస్తారు. పెట్టెలో మందపాటి స్పాంజి, అందులో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట కోసి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ఒకళ్ళు జాబితా చదవాలి, ఇంకొకళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుని ఉందని చెప్పాలి. పని అయ్యాక మళ్ళీ అంతే. తర్వాత ఇద్దరూ సంతకం పెట్టాలి. లోపలికి వెళ్ళేటప్పుడు జేబులు ఖాళీ చెయ్యాలి, తలలో పిన్నులు, వేలి ఉంగరాలు తలుపు దగ్గర పళ్ళెంలో వెయ్యాలి. ఇంజిన్లో చిన్న వస్తువు పడినా అది తిరిగేటప్పుడు లోపలి రెక్కలన్నీ విరగ్గొట్టేస్తుందట.

ఈ నిచ్చెన సంగతి నాకేమీ బోధపడటం లేదు. లెక్క ఒక్కసారి చూసి సంతకం పెట్టేస్తుంది. నేను చదివితే చాలట, మళ్ళీ తొంగిచూడదు. నేను రెండుసార్లు చూస్తాను. మధ్యాహ్నం భోజనం నాలుగు ముద్దల్లో ముగించి ఎక్కడికో పోతుంది, ఎక్కడికో చెప్పదు. నెమ్మదయ్యతో వరండాలో గుసగుసలాడుతూ ఉంటుంది, నేను వస్తే ఆపేస్తుంది. నేను గదిలోకి వెళ్ళేసరికి తన సొరుగు టక్కున మూస్తుంది. మొన్న స్నానం చేసి వచ్చేసరికి నా నోట్సు తెరిచి చూస్తోంది. నీ బొమ్మలు బాగున్నాయి, చూస్తున్నానంది.

ఇంకొకటి. మా పెట్టెలో పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం ఉంటుంది, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటిది. ఇంజిన్ వెనక కంటికి ఆనని చోట్లు అందులో చూస్తాం. శనివారం ఆ పిడి నున్నగా ఉంది. సోమవారం చూస్తే ఒక నొక్కు. అంటే ఎవరో మా మంచి అద్దం తీసుకుని వాళ్ళ పాతది పెట్టారు. పెట్టె తాళం నాదగ్గర ఒకటి, నిచ్చెన దగ్గర ఒకటి. మూడోది సారుది.

అది కనిపెట్టాక, సంతకాలైపోయిన పెట్టెని మళ్ళీ తెరిచి మూడోసారి లెక్కపెట్టాను. ఈలోగా అందరూ వరసలో నిలబడ్డారు. ఆలస్యమైనందుకు మొదటి చుక్క పడింది. జాగ్రత్తగా ఉన్నందుకు పడింది చూడు.

చిన్ని

మార్చి 27

చిన్నీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. నిచ్చెన అని ముద్దుగా రాస్తున్నావంటే అప్పుడే దగ్గరైపోయావన్నమాట. ఆ సంగతి పక్కన పెడదాం.

సొరుగు టక్కున మూసేవాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ లేనివాళ్ళు నెమ్మదిగా మూస్తారు. అయితే నువ్వు నోటితో ఏమీ అడక్కు. అడిగితే సర్దుకుంటారు. నేను మా స్టోరులో ఎవరినీ ఒక్క మాట అడగను, అందుకే నా దగ్గర ఒక్క దిండు గలేబు కూడా పోదు.

ఎలాగో చెబుతాను విను, ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా దుప్పట్లన్నీ తెల్లవే, చాకిరేవు నుంచి వేరే ఆసుపత్రివాటితో కలిసి వస్తాయి. మంచివి వాళ్ళు ఉంచుకుని చిరిగినవి మాకు అంటగట్టేవాళ్ళు. అందుకని ప్రతి దుప్పటికీ మూల మడతలో, లోపలి వైపు, ఎర్ర దారంతో రెండు కుట్లు వేస్తాను. వెతికితే తప్ప కనపడదు. ఏ దుప్పటి ఎక్కడికి పోయిందో నాకు తెలిసిపోతుంది.

నువ్వూ అదే చెయ్యి. కవరులో కాగితానికి చుట్టి అదే దారం పంపుతున్నాను. ఆ అద్దం పిడికి చివర్న గాడి ఉంటుంది కదా, దానిలో చుట్టి గట్టిగా ముడులు వెయ్యి. అద్దం మారిస్తే దారం లేని అద్దం వస్తుంది. అప్పుడు దొంగ ఎవరో నువ్వు చెప్పక్కర్లేదు, దారమే చెబుతుంది.

మీ నాన్న వచ్చి వెళ్ళాడు. నీకు కొత్తచోటు నచ్చిందట కదా అన్నాడు. ఎవరు చెప్పారో అడిగితే ఎవరూ చెప్పలేదు, ఊహించానంటాడు. నువ్వు ఆయనకి విడిగా ఉత్తరాలు రాస్తున్నావా?

అత్త

ఈసారి రెండు పేజీలు, దారం ఒక గజం.

ఏప్రిల్ 8

అత్తా,

నాన్నకి విడిగా ఏమీ రాయలేదు. ఊహించాడంటే నిజంగానే ఊహించాడేమో.

దారం చుట్టాను. మూడు ముడులు వేసి కొసలు దగ్గరగా కత్తిరించాను. వదులుగా ఉండే వస్తువు ఏదీ లోపలికి తీసుకెళ్ళకూడదని రూలు. ఇది వదులు కాదు కదా, గోరుతో లాగినా కదల్లేదు. చుడుతుండగా నిచ్చెన చూసింది. ఏంటది అంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, మా ఇంటి ఆనవాయితీ అన్నాను. అబద్ధం కాదు కదా, నీ ఆనవాయితీయే. ఆమె, మీ అమ్మదా అని మెల్లిగా అడిగింది. అమ్మ లేదని మొదటివారంలో ఎప్పుడో నోరు జారాను. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు.

అప్పటినుంచి నామీద మరీ మంచిగా ఉంటోంది. భోజనాల దగ్గర నాకు చోటు పట్టి ఉంచుతుంది. నా చేతికి కోత పడితే నా వంతు తుడిచే పని కూడా తనే చేసింది. నాకేం కావాలి ఆమె దగ్గర? ఆమెకేం కావాలి నా దగ్గర?

రెండు వారాలకోసారి పెట్టే పరీక్షలు అయ్యాయి. మొదట్లో నిచ్చెనకి ఇంజిన్ పటం ఇస్తే ఏ వైపు పైకి పట్టుకోవాలో తెలిసేది కాదు, నేను కళ్ళారా చూశాను. అలాంటిది రెండో స్థానం వచ్చింది. నాకు పదకొండు. ఎలా వచ్చిందో నువ్వే చెప్పు.

మంగళవారం భోజనం వదిలేసి ఆమె వెనకే వెళ్ళాను. పై అంతస్తులో చివరి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపుకి చెవి పెడితే నెమ్మదయ్య గొంతు. ఆయన మామూలుగా మాట్లాడితేనే వినపడదు, తలుపు అవతల నుంచి ఏం వినపడుతుంది? వింటూ వింటూ గంట కొట్టింది వినలేదు. రెండో చుక్క.

ఇంకొక్కటి పడితే స్టోర్సు. పొద్దున బోర్డు ముందు నిలబడి చూశాను, నిచ్చెనకి ఒక్క చుక్కా లేదు. నాకు భయంగా ఉందత్తా, సూటిగా చెబుతున్నాను.

అద్దం మాత్రం మారలేదు. దారం దారంగానే ఉంది.

చిన్ని

ఏప్రిల్ 14

చిన్నీ,

తొందరగా రాస్తున్నాను, పోస్టు పెట్టె తీసే టైమైంది.

తలుపు వేసుకుని మాట్లాడుకున్నాక రెండో స్థానం వచ్చిందంటే అందులో ఆలోచించడానికి ఏముంది? ప్రశ్నలు ముందే అందుతున్నాయి. నీ నోట్సు ఇక సొరుగులో వద్దు, ఒంటిమీదే పెట్టుకో. ఆమె వెనక వెళ్ళడం మాత్రం మానెయ్. నిన్ను వెనక రప్పించుకుని చుక్కలు పడేలా చేస్తోందేమో కూడా. మీ అమ్మదా అని అడిగిందన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. జాలిపడేవాళ్ళతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నీకు రెండు చుక్కలు, ఆమెకి ఒక్కటీ లేదు. ఆ లెక్క ఒక్కటే చూసుకో, చాలు.

పై వాటా ఆవిడ నిన్న డజను బట్టల క్లిప్పులు తెచ్చి ఇచ్చింది, పాతబడ్డాయి కదండీ మీవి అని. నా క్లిప్పులు పాతబడ్డాయని ఆవిడకెలా తెలుసు? తీసుకున్నాను కానీ వాడలేదు.

అత్త

ఒక్క పేజీ.

ఏప్రిల్ 17

అత్తా,

దారం ఇంజిన్లో దొరికింది.

ఇవాళ పొద్దున మొదటిసారి ఇంజిన్ తిప్పి చూపిస్తామన్నారు. బండలా నేలకి బిగించిన ఇంజిన్, దాని చుట్టూ మేమందరం. తిప్పేముందు నెమ్మదయ్య టార్చి వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సన్నటి పటకారుతో ఏదో పట్టుకుని బయటికి తీసి తెల్లగుడ్డ మీద పెట్టాడు. ఎర్రగా, వేలెడంత. నా దారమే. మేము నిన్న అద్దంతో వెనక రెక్కలు చూశాం. ఏ అంచుకో రాసుకుని తెగిపోయి ఉంటుంది. సాయంత్రం లెక్కలో అద్దం ఉందని ముట్టుకున్నాను, సంతకం పెట్టాను. మూడు ముడులు వేశానన్న ధీమాతో దారం ఉందో లేదో చూడనేలేదు.

అందరినీ వరసలో నిలబెట్టి, ఎవరిది అని అడిగాడు. అరవలేదు. నేను నోరు తెరవాలనుకున్నాను, తెరవలేదు. నా పక్కనుంచి నిచ్చెన ఒక అడుగు ముందుకు వేసి, నాది సార్ అంది.

దారం తనదని ఆమె చేత కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఆమె పేరు పక్కన మొదటి చుక్క పెట్టాడు. అంతే, అయిపోయింది. మధ్యాహ్నం ఇంజిన్ తిప్పారు. నాకు ఏమీ వినపడలేదు.

ఆమె ఎందుకలా చెప్పింది? సాయంత్రం నుంచి నావైపు చూసి ఒక్క మాట అనలేదు, అడగలేదు. నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికా? రేపు ఏదైనా అడిగితే కాదనలేనని లెక్కేసుకుందా? నేనేం చెయ్యాలో వెంటనే రాయి.

చిన్ని

ఏప్రిల్ 21

చిన్నీ,

నోరు మూసుకో. నువ్వు చెయ్యాల్సింది అదొక్కటే.

ఎవరూ ఊరికే తప్పు నెత్తిన వేసుకోరు. ఆమె ఎందుకు వేసుకుందో నాకూ అంతుపట్టలేదు. నాకు అంతుపట్టని పని చేసినవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం. ఆమెకి ఒక చుక్క పడింది, ఇంకా రెండు ఉన్నాయి. నీకు పడితే అయిపోతావు. ఆమె ఏమైనా అడిగితే తెలీదను. మిగిలిన దారం ఉంటే పారెయ్, గదిలో ఉంచకు.

పంపింది నేనే అని నాకు గుర్తుంది. తప్పు నాదేనంటావా? నేను దుప్పట్లకి చేసినది నువ్వు ఇంజిన్‌కి చేశావు. అయినా పంపింది నేనే. మూడు రోజులుగా స్టోరులో లెక్క తప్పుతోంది నాకు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

అత్త

ఏప్రిల్ 30

అత్తా,

నీ ఉత్తరం చింపలేదు. నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. వర్క్‌షాపు తలుపు దగ్గర జేబు ఖాళీ చేసిన ప్రతిసారీ అది పళ్ళెంలో వెయ్యడం, మళ్ళీ తీసుకోవడం.

ఐదోరోజు ఆగలేక నిచ్చెనని అడిగాను, ఎందుకు చెప్పావని. గదిలో బూట్లు తుడుచుకుంటోంది. ఇందులో చెప్పడానికేముంది అన్నట్టు చూసింది. నీకు రెండున్నాయి, నాకు ఒక్కటీ లేదు కదా, పంచుకుంటే ఇద్దరం ఉంటాం అంది. అమ్మ గుర్తుగా కట్టుకున్న దానికి నిన్ను పంపించేస్తే నేను చూస్తూ ఊరుకోవాలా అంది. తర్వాత మళ్ళీ బూట్లు తుడుచుకుంది.

అప్పుడైనా ఆమెకి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమెకి చెప్పడం కంటే సారుకి చెప్పడం తేలికనిపించి, నేరుగా నెమ్మదయ్య గదికి వెళ్ళి దారం నాదని చెప్పేశాను. ఎంతో గొప్ప పని చేస్తున్నాననుకున్నానత్తా, మెట్లు ఎక్కుతుంటే ఒళ్ళు తేలికైంది కూడా.

ఆయన నిచ్చెనని పిలిపించాడు. ఇద్దరినీ నిలబెట్టి నన్ను అడిగాడు, దారం ఎందుకు కట్టావని. ఆయన ముందు అమ్మ పేరు చెప్పలేకపోయాను. ఎవరైనా అద్దం మారిస్తే తెలియడానికి అన్నాను. ఎవరైనా అంటే ఎవరు అన్నాడు. నిచ్చెన నావైపు తిరిగింది.

"అది నామీద పెట్టిన గుర్తా?" అంది.

నేను తల దించుకున్నాను. అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

అద్దాలు మార్చేది నెమ్మదయ్యే. అరిగిపోయినవి శనివారం తీసి, బాగుచేసినవి పెడతాడట. మధ్యాహ్నాలు ఆ గదిలో ఆయన నిచ్చెనకి పటాలు చదవడం నేర్పుతున్నాడు. ఆమెకి అవి తలకెక్కేవి కావు, మాకు తెలిస్తే నవ్వుతామని దాచుకుంది. సొరుగులో ఉన్నవి ఆమె గీసి పాడుచేసిన పటాలు. నా నోట్సులో బొమ్మలు చూసి అవే దిద్దుకునేదట. ఇవన్నీ ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసేది. రెండు నెలలు పక్కమంచంలో ఉండి నేను అడగలేదు.

ఇక శిక్ష. తమంతట తాము వచ్చి ఒప్పుకున్నవాళ్ళకి చుక్క పెట్టరట. నన్ను మొదటివారానికి దించి కొత్త బ్యాచితో కలిపారు, పాత చుక్కలు తుడిచేశారు. నిచ్చెనని తీసేశారు. అబద్ధం రాసి సంతకం పెట్టినందుకు. దానికి చుక్కలు ఉండవు, ఒక్కసారికే పంపించేస్తారు. నేను ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన అదే నెమ్మదైన గొంతుతో చెప్పాడు.

"విమానం ఎక్కేవాడు ఇంజిన్ విప్పి చూసుకోడమ్మా. మన సంతకం చూసి ఎక్కుతాడు. మంచి మనసుతో పెట్టినా అది దొంగ సంతకమే."

నోరు మూసుకోమన్నావు. మూసుకుని ఉంటే ఇద్దరం ఇక్కడే ఉండేవాళ్ళం. మొదటిరోజే నోరు తెరిచినా ఆమె ఉండేది. నేను రెండూ కాకుండా చేశాను. నన్ను నమ్మినదాన్ని పంపించేశారు, దాన్ని నమ్మని నన్ను ఉంచారు.

ఆమెని ఇక్కడి స్టోర్సులోనే వేశారు. మా వర్క్‌షాపు వెనకాలే.

చిన్ని

మే 8

చిన్నీ,

కవరు మీద సంతకం పెట్టడం మర్చిపోయాను, అంటించాక చూసుకున్నాను. పోనీలే.

నీ ఉత్తరం వచ్చిన రోజు స్టోరుకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. నిజంగానే బాగాలేదు, కాకపోతే డాక్టరుకి చూపించుకునేది కాదు.

ఆ పిల్లకి ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. స్టోరు పని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు, నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నాను. కిటికీ దగ్గర ఎలా నిలబడాలో, పుస్తకం ఎలా రాయాలో. రాస్తూ పోతే మూడు పేజీలైంది. చదివి చూసుకుంటే మొత్తం ఒకటే. ఇలాంటివాడు వస్తే కనిపెట్టి ఉండు, అలాంటిది వస్తే తాళం వెయ్యి, నవ్వుతూ వచ్చేవాళ్ళని రెండుసార్లు చూడు. ఇంకో మాట రాద్దామంటే నా దగ్గర లేదే చిన్నీ. నీకూ నేను ఇవే ఇచ్చి పంపానని అప్పుడు తెలిసింది. ఆ పేజీలు పొయ్యిలో పెట్టాను.

నువ్వు ఒక పని చెయ్యి. ఆమె దగ్గరికి వెళ్ళి, దారం పంపింది మా అత్త అని చెప్పు. కట్టమన్నదీ, ఎలా కట్టాలో చెప్పిందీ, ఆమెని దొంగ అన్నదీ నేనేనని చెప్పు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా ఉత్తరాలు చూపించు కావాలంటే. ఆమె కోపం నామీదకి మళ్ళితే నాకేం పోతుంది? నన్నెప్పుడూ చూడదు. నువ్వు రోజూ ఆ కిటికీ ముందు నుంచి నడవాలి.

ఏం జరిగిందో రాయి. ఎలా జరిగితే అలాగే రాయి, నా కోసం మార్చకు.

అత్త

మే 15

అత్తా,

జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

కొత్త బ్యాచికి చేతి తొడుగులు ఇస్తున్నారు, అందుకోసం నిన్న స్టోర్సు కిటికీ దగ్గరికి వెళ్ళాను. నా ముందు ఆరుగురు ఉన్నారు, వెనక ఎవరూ లేకుండా చూసుకుని చివర్న నిలబడ్డాను. ఆ కిటికీ ఆమెకి బాగా కిందకి ఉంది, ప్రతి ఒక్కళ్ళకీ వంగి ఇస్తోంది. నా వంతు వచ్చింది. నీ ఉత్తరాలు చేతిలో పెట్టుకుని, నువ్వు చెప్పమన్నదంతా ఒక్కటీ వదలకుండా చెప్పాను. దారం మా అత్త పంపింది, ఆవిడే కట్టమంది, ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఎవరినీ నమ్మకుండా బతికింది, నేను ఆవిడ చేతుల్లో పెరిగాను అని.

మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది. ఉత్తరాలు ముట్టుకోలేదు.

"మీ అత్త ఎవరో నాకు తెలీదు. పక్కమంచంలో ఉన్నది నువ్వు" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నేను క్షమించమన్నాను, అది వినపడిందో లేదో తెలీదు. ఆమె పక్కకి తిరిగి అలమరలోంచి ఒక జత తొడుగులు తీసింది. జాబితా ఒక్కసారి వింటే చాలనే మనిషి కదా, అలాంటిది ఆ రెండు తొడుగుల్నీ కిటికీ గట్టు మీద విడివిడిగా పరిచి, ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పుస్తకం నావైపు తిప్పి, రెండు అందాయని రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. ఆ సంతకాన్ని మొదటి పేజీలో నమూనాగా ఉన్న నా సంతకంతో కలుస్తుందో లేదో పోల్చి చూసుకుని, అప్పుడు తొడుగుల్ని నావైపు జరిపింది.

చిన్ని